చౌరస్తాలో సైకిల్‌కీ దారుంది!

"అందరూ సైకిళ్ల మీదనే బడికి పోతున్నరు. నేనొక్కదాన్నే ఆటోల పోవాల్నా అమ్మా?"

హన్మకొండలో మా ఎదురింటి అమ్మాయి రోజూ వాళ్లమ్మను అడిగే ప్రశ్న ఇది. చదివేది తొమ్మిదో తరగతి. సైకిలుంది, తొక్కడమూ వచ్చు. అయినా సైకిల్ వరండా దాటదు. కారణం, బడి దారిలో ఉన్న ఒక్క సర్కిల్.

"గల్లీలల్ల ఎంతసేపన్నా తొక్కనీ వదినా. ఆ సర్కిల్ కాడ బస్సులు, ఆటోలు అన్ని దిక్కుల నుంచి మీదికొస్తయి. నా పానం ఆగదు" అంటుంది తల్లి.

ఆ భయంలో తప్పులేదు. అయితే సర్కిల్‌లో ఎవరు ఎవరికి దారివ్వాలో మనలో ఎంతమందికి తెలుసు? స్కూటీ నడిపే మనకైనా తెలుసా?

రూలు ఏమంటోంది?

మన దేశంలో బండ్లు రోడ్డుకి ఎడమవైపు నడుస్తాయి. కాబట్టి సర్కిల్ చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టే తిరగాలి. కొత్తగా లోపలికి వచ్చేవారు ఆగి, అప్పటికే తిరుగుతున్నవారికి, అంటే తమ కుడివైపు నుంచి వచ్చేవారికి దారివ్వాలి. పెద్ద బండికి ముందు, చిన్న బండికి వెనక అన్న నియమం ఎక్కడా లేదు. పైగా పాదచారులు, సైకిలిస్టులు, పిల్లలు, వృద్ధుల విషయంలో డ్రైవర్లు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి.

చిక్కల్లా ఒకటే. ఆ నిబంధనలు మోటారు బండ్లు నడిపేవారి కోసం రాసినవి. సైకిల్‌కి లైసెన్సు అక్కర్లేదు, అందుకే నేర్పేవారూ లేరు. సైకిళ్ల వంటి ఇంజన్ లేని వాహనాలకు రాష్ట్రాలు రూల్స్ చేసుకోవచ్చని 2019లో చట్టాన్ని సవరించారు. వాటిని ఆరు నెలల్లో తయారు చేయాలని 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

మనలాగే ఎడమవైపు నడిచే బ్రిటన్‌లో 2022లో రోడ్డు నియమావళిని మార్చారు. సర్కిళ్ల దగ్గర సైకిలిస్టులకు ముందు దారివ్వాలనీ, వారు ఎడమ లేన్‌లోనే ఉండి చుట్టూ తిరగవచ్చనీ స్పష్టంగా రాశారు.

అమ్మాయికి ఇవి నేర్పండి

* సర్కిల్ ముందు వేగం తగ్గించి కుడివైపు చూడాలి. ఖాళీ దొరికాకే లోపలికి వెళ్లాలి.

* బస్సుకీ లారీకీ ఎడమపక్కన దూరి నిలబడకూడదు. బండి ఎడమకి తిరిగితే డ్రైవరుకి సైకిల్ కనిపించదు. అసలు ప్రమాదం ఇక్కడే.

* మరీ అంచున కాకుండా, వెనకవారికి బాగా కనిపించేలా వెళ్లాలి. బయటికి వచ్చే ముందు వెనక్కి చూసి, ఎడమ చెయ్యి చాపి చూపాలి.

* చున్నీ ముడి వేసుకోవాలి. బ్రేకులు, బెల్లు రోజూ చూసుకోవాలి.

* రద్దీగా ఉంటే దిగి, సైకిల్ నడిపించుకుంటూ జీబ్రా గీతల మీద దాటాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఎదురింటి తల్లీకూతుళ్లు ఒక ఆదివారం పొద్దున్నే ఆ సర్కిల్ దగ్గరికి వెళ్లారు. ముందు నడిచి చూశారు. తర్వాత అమ్మాయి తొక్కింది, అమ్మ వెనకాలే స్కూటీ మీద వెళ్లింది. ఇప్పుడా అమ్మాయి సైకిల్ మీదే బడికి పోతోంది. సర్కిల్ దగ్గర మాత్రం దిగి దాటుతుంది.

"మరి నీ భయం పోయిందా?" అని వాళ్లమ్మను అడిగాను.

"యాడ పోతది వదినా! కానీ ఇప్పుడు సైకిల్ పోరగాండ్లు కనిపిస్తే నేనే స్కూటీ ఆపుతున్న. నా బిడ్డకు కూడ ఎవరన్న ఇట్లనే ఆపాలె గద!" అంది.

రేపు సర్కిల్ దగ్గర సైకిల్ కనిపిస్తే మీరూ హారన్ కొట్టకండి. ఒక్క క్షణం బ్రేకు వేయండి.