కారు ఎత్తు మారిస్తే చక్రాల సంగతేమిటి?

సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి నున్నగా ఉంటుంది. దిగి మా పొలాల బాట పట్టామా, కారు అడుగు గీసుకుంటుంది. అందుకని మా వైపు కొందరు మర తిప్పి ఎత్తు మార్చుకునే షాక్ అబ్జార్బర్లు, అంటే కాయిలోవర్లు, బయట కొని బిగిస్తున్నారు. వడ్ల బేరాలకు మిర్యాలగూడ మిల్లుల చుట్టూ తిరిగే మా బావ కూడా బిగించాడు. ఆరు నెలలు తిరక్కముందే ముందు టైర్లు లోపలి అంచున నున్నగా అరిగిపోయాయి. టైర్లదే తప్పన్నాడు బావ, రోడ్డుదన్నాడు మెకానిక్కు. అసలు సంగతి, ఎత్తు మార్చాక అలైన్‌మెంటు చెయ్యలేదు.

చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు తలుపు బందుల్లా వంపులో కదులుతాయి. కారు లేస్తే వాటి వాలు మారి చక్రం మొగం కూడా తిరుగుతుంది. ఎదుటి నుంచి చూస్తే చక్రం నిటారుగా ఉందా, వాలిందా అన్నది 'కేంబరు'. పైనుంచి చూస్తే తిన్నగా ఉందా, పక్కకు తిరిగిందా అన్నది 'టో'. కారు పొడుగునా రెండు పక్కలా దారం కట్టి, రిమ్ము ముందంచూ వెనకంచూ దారానికి ఎంత దూరమో కొలిస్తే టో తెలుస్తుంది. బావ కారుకు ఒక్కో ముందు చక్రం 2 మి.మీ. బయటికి తిరిగి ఉంది. 14 అంగుళాల రిమ్ముకు అది మూడో వంతు డిగ్రీ కూడా కాదు. అయినా ఆ లెక్కన టైరు కిలోమీటరుకు సుమారు ఐదున్నర మీటర్లు పక్కకు ఒరుసుకుంటుంది. నలభై కిలోమీటర్లు పోతే 220 మీటర్లు! ఎడ్లు చెరో పక్కకు లాగితే నాగలి ముందుకే పోతుంది గాని మెడలు పుండ్లు పడవూ?

పని మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాల నడిమి నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకోవాలి. కుడి ఎడమలు సమానంగా ఉండాలి. మంచానికి ఒక కోడు పొడుగైతే బరువంతా మూలకు మూల రెండు కోళ్ళ మీదే పడుతుంది కదా, కారుకూ అంతే. మరీ ఎత్తితే చక్రం గుంతలోకి దిగడానికి జాగా మిగలదు. తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. కాబట్టి కొనేముందే ఆర్.టి.ఏ. ఆఫీసులో అడగాలి.

రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగానే బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి తొందరగా చిరుగుతుంది. కారు తన బరువుతో నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. కొన్నాళ్ళు నడిపి, స్ప్రింగులు కుదురుకున్నాక ఎత్తు మళ్ళీ కొలిచి, టైర్లలో గాలి సరిచూసి, అప్పుడు అలైన్‌మెంటుకు పోవాలి. ముందు కేంబరు, చివర టో. కేంబరు కదిపితే టో చెదిరిపోతుంది గనుక.

ఆ తర్వాత కూడా లాకు రింగులు వదులయ్యాయేమో అప్పుడప్పుడు చూస్తుండాలి, మరలను బ్రష్‌తో కడుగుతుండాలి. దమ్ము చేసిన పొలం బురద మరల్లో ఎండిందంటే సిమెంటే.