వెంట్రుక చెప్పేదంతా నిజమేనా?

విజయనగరం: ఒడిశా సరిహద్దు కొండల నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగా గంజాయి తరలిపోవడం ఇక్కడివారికి తెలిసినదే. అప్పుడప్పుడు తాగేవాని మూత్రంలో దాని జాడ కొద్ది రోజులే ఉంటుంది. వెంట్రుకలో నెలల తరబడి నిలుస్తుంది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక, కుదుళ్ల దగ్గరి మూడు సెంటీమీటర్లలో మూడు నెలల సంగతి దాగి ఉంటుంది. సింహాచలంలో తలనీలాలు ఇచ్చి వచ్చినా ఒంటి వెంట్రుకలు ఉండనే ఉన్నాయి!

అణువుల బరువును బట్టి పదార్థాన్ని పోల్చే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటరు. వెంట్రుకను కడిగి, పొడిచేసి, నానబెట్టి చూసే పద్ధతికి చాలా సమయం పడుతుంది. కొత్త పద్ధతుల్లో నిమిషాలు చాలు.

చిక్కల్లా ఇక్కడే. మూటలు మోసిన కూలివాని జుట్టుకూ, పక్కవాని పొగ తగిలిన జుట్టుకూ గంజాయి అంటుతుంది. తాగినవాని ఒంట్లో గంజాయి మారి ఏర్పడే పదార్థం దొరికితేనే తాగినట్టు గట్టి రుజువు. అది వెంట్రుకలో అతి స్వల్పం. తొందర పరీక్షకు అందడం కష్టం. అందుకే మొదటి పరీక్షలో 'ఉంది' అని వచ్చినా రెండవది తప్పనిసరి. ఈలోగా కుర్రవానిపై ముద్ర వేయడం అన్యాయం.

2017లో హైదరాబాదు సినీరంగ మాదకద్రవ్యాల కేసులో అధికారులు వెంట్రుకలు, గోళ్లు, రక్తం అడిగారు. ఇష్టం లేనివారి నుంచి తీయరాదని హైకోర్టు చెప్పింది.