పత్థర్‌గట్టి రాతి కమానులు

హైదరాబాదులో చార్‌మినారు నుండి మూసీనది వైపు నడచి, గుల్జార్ హౌజును దాటి, మచ్లీ కమాను క్రిందుగా వెలువడినచో, దారికి ఇరుప్రక్కల రాతి కమానుల బారులు కనబడును. ఇదియే పత్థర్‌గట్టి బజారు. పత్థర్ అనగా రాయి.

1908లో మూసీ వరద నగరమును ముంచివేసినది. తరువాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఇరుకు వీధులను వెడల్పు చేయుచు ఆ మండలి కట్టించిన అంగళ్ల వరుస ఇది. క్రింద దుకాణములు, పైన నివాసములు.

అన్నియు కమానులే ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. నల్లరాయి పైనుండి పడు ఒత్తిడిని చక్కగా ఓర్చుకొనును. కాని పొడవైన దూలముగా పరచి బరువెత్తినచో నడుమ విరుగును. కమానులో ప్రతి రాయియు ప్రక్క రాతిని నొక్కుచు, పై అంతస్తు భారమును స్తంభములకు, అక్కడినుండి నేలకు దించును. ఒక కమాను త్రోపును ప్రక్క కమాను అడ్డుకొనును. ఈ వరుసలో ఏ కమానును ఒంటరిది కాదు.

అంగళ్లు పలువురివైనను వీధి ముఖము ఒక్కటే. తన పేరు పెద్దదిగా కనబడవలెనని ఒక వర్తకుడు కమానును బోర్డుతో కప్పినచో వీధి అందమెల్ల తరుగును. తలుపు కొరకు స్తంభమును చెక్కినచో పొరుగు అంగడికిని ముప్పే.

పెండ్లిబట్టలకో, ముత్యములకో అటు వెళ్లినపుడు, బేరమునకు ముందు ఒక్కసారి తలయెత్తి ఆ రాతిపనిని చూడుడని మా మనవి.