మకుటము తొలగినను

హిందూ మహాసముద్రమునందలి మారిషస్ ద్వీపమునకు 1598లో డచ్చివారు తమ పాలకుడు మారిస్ పేరు పెట్టిరి. 1715లో ఫ్రెంచివారును, 1810లో ఆంగ్లేయులును దానిని ఆక్రమించిరి. లొంగుబాటు ఒడంబడికవలన ద్వీపవాసుల మతాచారములును, ఫ్రెంచి చట్టములును నిలిచినవి.

1834 తరువాత చెఱకుతోటలకు కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారును కలరు. కోరంగి రేవు పేరిట వారిని అచ్చట ‘కోరంగీలు’ అనిరి.

1968 మార్చి 12న స్వాతంత్ర్యము వచ్చినను ఎలిజబెత్ రాణియే దేశాధినేత్రి. 1992లో అదే తేదీన ద్వీపము గణతంత్రమై రాణికి వీడ్కోలు చెప్పెను. ఆమె న్యాయపీఠమునకు మాత్రము చెప్పలేదు! తుది అప్పీలు నేటికిని లండనులోని ప్రివీ కౌన్సిలుకే పోవును. అందరును అందరికి ఎరుకైన చిన్నదేశమున దూరపు న్యాయాధిపతియే నిష్పక్షపాతి యందురు కొందరు. ఆ వాదము త్రోసిపుచ్చరానిదే. కాని పేదవాని వ్యాజ్యమునకు లండను ఎంత దూరము! భారతదేశము ఆ త్రోవను 1949లోనే మూసివేసినది.