బర్గర్ దుకాణం గడప తొక్కే ముందు

నెల్లిమర్లలో రైలెక్కి విశాఖపట్నం చూడబోయిన పిల్లలు బర్గర్ కావాలని అడగడం సహజం. వద్దనడం సులువు. ఆ దుకాణం వెళ్లదగినదో కాదో విచారించడమే కష్టం.

దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరా 168వ ఆయత్‌లో ‘హలాల్’ వెంట ‘తయ్యిబ్’ అనే మాట కూడా ఉంది. మనం మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాం. గోడకు తగిలించిన ధ్రువపత్రం చూసి తృప్తిపడతాం, మూకుడులో నల్లబడిన నూనెను చూడం.

1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో తన తొలి శాఖను గొడ్డుమాంసం, పందిమాంసం లేకుండానే తెరిచింది. అంతటి సంస్థే ఇక్కడి ప్రజల విశ్వాసాలను బట్టి వంటకాలు మార్చుకున్నప్పుడు, అడగడానికి మనకు సంకోచమెందుకు? కోడిని ఎవరు జబహ్ చేశారు? బన్ను మధ్య పెట్టే మాంసం అక్కడే తయారైందా, గడ్డకట్టించి తెచ్చిందా? చీజ్ సంగతి చాలామందికి తట్టదు. పాలను విరిచే రెన్నెట్‌ను దూడ కడుపు నుండి కూడా తీస్తారు. పొట్లంపై ఆకుపచ్చ చుక్క ఉంటే ఆ సందేహం అక్కరలేదు.

ఈ ప్రశ్నలకు విసుక్కోక, వంటగది తలుపు తీసి చూపే యజమాని ఉన్నచోటికి కుటుంబమంతా వెళ్లవచ్చు. రుచి తరువాతి మాట. పెద్ద బర్గర్ ఒకటి ఇద్దరు చిన్నపిల్లలకు సరిపోతుంది. సగం తిని పారవేయడం ఇస్రాఫ్ కనుక, మిగిలిన ముక్క పెద్దలే తినాలి. ఆ తెల్లని సాస్ మాత్రం నాకు నేటికీ సహించదు.