తలుపు దగ్గర నిలబడ్డ గురువు



2021 ఏప్రిల్ నెలాఖరు. రాత్రి తొమ్మిది దాటింది. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా కోవిడ్ వార్డులో ఉన్నారు. నిమిషానికి పదిహేను లీటర్ల ఆక్సిజన్ పెట్టినా సాచ్యురేషన్ 80 దాటడం లేదు. బయట మెట్ల మీద కూర్చున్న ఆయన భార్య ఫోను చేస్తే, విచారణ గురువుగారు స్కూటరు మీద వచ్చారు. చేతిలో పవిత్ర తైలం సీసా ఉంది.

"రెండు నిమిషాలు చాలు సిస్టర్, అభ్యంగనం ఇచ్చి వచ్చేస్తాను" అన్నారు.

నేను వద్దన్నాను. పి.పి.ఇ. కిట్లు రాత్రి డ్యూటీ వాళ్ళకు లెక్కగా ఉన్నాయి. గురువుగారికి అరవై దాటాయి, షుగరు ఉంది, టీకా రెండవ డోసు ఇంకా పడలేదు. ఆయన వాదించలేదు. తలుపు దగ్గరే కాసేపు నిలబడి ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. తెల్లవారుజామున పెద్దాయన కన్నుమూశారు. భార్య నన్ను ఒక్క మాట అనలేదు. "ఫాదరుగారు వచ్చారని ఆయనకి తెలుసా అమ్మా?" అని మాత్రం అడిగింది.

ఆయనకు తెలియదు. ఆ సంగతి నేను చెప్పలేదు. పనిలో పడి మరచిపోయాను.

నర్సుగా ముప్పై ఏళ్ళు దాటిన తరువాత కూడా నేను నేర్చుకోవలసినది ఉందని ఆ ప్రశ్న నాకు తెలియజేసింది. మహమ్మారి కాలంలో ఒక గురువు తన విచారణను ఎలా నడిపించారో, ఆసుపత్రి, దేవాలయం ఒకదానికొకటి ఎలా సాయపడగలవో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

గుడి మూతపడిన రోజులు

2020 మార్చి 22, ఆదివారం. తపస్సుకాలం మధ్యలో జనతా కర్ఫ్యూ వచ్చింది. మార్చి 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. మన ఓడరేవును ఆనుకుని మూడు కొండలున్నాయి. రోస్ హిల్ మీద మరియమాత దేవాలయం, పక్క కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. మూడింటి తలుపులూ ఒకేసారి మూతపడ్డాయి. మట్టల ఆదివారం, ఏప్రిల్ 12న వచ్చిన పునరుత్థాన పండుగ కూడా జనం లేకుండానే జరిగాయి. మార్చి 27న రోములో దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు వానలో, ఖాళీగా ఉన్న పునీత పేతురు చౌకులో ఒంటరిగా ప్రార్థించడం మనం టీవీల్లో చూశాం.

ఇది తిరుసభకు కొత్త కాదు. 1576లో ఇటలీలోని మిలాను నగరంలో ప్లేగు వచ్చినప్పుడు గొప్పవాళ్ళు చాలామంది ఊరు విడిచిపోయారు. అక్కడి అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో మాత్రం కదలలేదు. ఇళ్ళలో నిర్బంధంగా ఉన్న ప్రజలు కిటికీల్లోంచి దివ్యపూజ చూడగలిగేలా వీధి కూడళ్ళలో బలిపీఠాలు కట్టించారు. జనాన్ని ఒకచోట గుమిగూడనివ్వకుండానే వాళ్ళకు దగ్గరగా ఉండవచ్చునని ఆయన నాలుగు వందల ఏళ్ళ క్రితమే చూపించారు. మన గురువులు సెల్‌ఫోనులో పూజ చూపించినది కూడా అలాంటి పనే.

ఫోనులో మూడు ప్రశ్నలు

మా విచారణ గురువుగారు కుటుంబాల రిజిస్టరు ముందు పెట్టుకుని, చిన్న క్రైస్తవ సమాజాల వారీగా ఇళ్ళను యువకులకు పంచారు. వారానికి రెండుసార్లు ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగాలి. ఇంట్లో బియ్యం ఉన్నాయా? బీపీ, షుగరు, టీబీ మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయి? ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం ఉన్నాయా?

రెండవ ప్రశ్న విలువ మా నర్సులకు బాగా తెలుసు. టీబీ మందులు మధ్యలో ఆపేస్తే జబ్బు ముదిరి, మందులకు లొంగకుండా పోవచ్చు. బస్సులు లేక, భయం వల్ల, మందులకు రాలేని వారి పేర్లు గురువుగారి ద్వారా మాకు తెలిసేవి. ఏటా ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం కన్నా మూడు వారాల ముందే ఆ ఏడాది పడవలు ఒడ్డెక్కాయి. మత్స్యకారుల ఇళ్ళకూ, పోర్టు కలాసీల ఇళ్ళకూ బియ్యం మూటలు వెళ్ళాయి. ఆ ఇంటివారు ఏ మతం వారని ఎవరూ అడగలేదు.

ఇంతలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ గ్యాసు లీకై పన్నెండు మంది మరణించారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. దూరం పాటించమని చెప్పిన మనమే ఆ ఉదయం స్పృహ తప్పినవారిని చేతులతో ఎత్తుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లో మన అగ్రపీఠాధిపతులుగా ఉన్న మల్లవరపు ప్రకాష్ గారు భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య ఆరోగ్య విభాగానికి అధ్యక్షులు కూడా. 2020 మార్చిలోనే ఆ విభాగమూ, సికింద్రాబాదు కేంద్రంగా పనిచేసే కతోలిక ఆరోగ్య సంఘమూ కలిసి దేశంలోని వెయ్యికి పైగా ఆసుపత్రులను, సుమారు 60,000 పడకలను కోవిడ్ సేవకు అందిస్తామని ముందుకు వచ్చాయి. ఈ సంఘాన్ని 1943లో స్థాపించినది గుంటూరులో సేవ చేసిన మఠకన్య, డాక్టరు మేరీ గ్లౌరీ గారు.

రెండవ అల

2021 ఏప్రిల్‌లో వచ్చిన అల మొదటిదానికన్నా భయంకరం. మన స్టీల్ ప్లాంటులో నింపిన ఏడు ట్యాంకర్లతో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏప్రిల్ 22న మహారాష్ట్రకు బయలుదేరింది. ఇక్కడ విమ్స్, కె.జి.హెచ్.లలో పడకలు దొరకడం కష్టమైంది. ఏప్రిల్, మే నెలల్లోనే దేశవ్యాప్తంగా రెండు వందలకు పైగా గురువులు కోవిడ్‌తో మరణించారని ఇండియన్ కరెంట్స్ పత్రిక పేర్లతో సహా జాబితా వేసింది. చాలామంది గురువులు రోగుల మధ్యకు, సమాధుల దగ్గరకు వెళ్ళినవారే. అందుచేత ఆ రాత్రి నేను తలుపు దగ్గర ఆపడం తప్పు కాదు. అక్కడితో ఆపేయడమే నా తప్పు.

మరుసటి వారం గురువుగారే ఒక కాగితంతో వచ్చారు. 2020 మార్చి 20న రోము నుండి వెలువడిన సూచన అది. మరణాపాయంలో ఉన్న రోగులు ఎక్కువమంది ఉన్నచోట గురువు వార్డు ప్రవేశం దగ్గరే నిలబడి, గొంతు వినిపించేలా మైకు వాడి, అందరికీ కలిపి పాపవిమోచనం ఇవ్వవచ్చునని అందులో ఉంది. దీనిని పీఠాధిపతికి తెలియజేయాలి. ఇంకొక సంగతి కూడా చెప్పారు. అభ్యంగనం చేతితోనే ఇవ్వడం నియమమైనా, బలమైన కారణం ఉంటే సాధనం వాడవచ్చునని తిరుసభ చట్టం వెయ్యవ సూత్రం అనుమతిస్తుంది.

అంటే దూదిపుల్ల చాలు. దానితో నుదుటి మీద, చేతుల మీద తైలం రాసి, వెంటనే పసుపు సంచీలో వేయాలి. పసుపు సంచీలోవి కాల్చివేతకు వెళతాయి. తైలం అంటిన దూదిని కాల్చడం గురువుల ఆచారం కూడా. వారి నియమం, మా నియమం ఒకేచోట కలిశాయి.

గురువుగారి రెండవ డోసు పడ్డాక కిట్టు వేసుకోవడం నేనే నేర్పాను. వేసుకోవడం కన్నా విప్పడమే ప్రమాదం. ముందు గ్లౌజులు, తరువాత కళ్ళద్దాలు, గౌను, చివరగా మాస్కు. ప్రతి మెట్టులో చేతులు శుభ్రం చేసుకోవాలి. ఆయన నా ఎదుట ఐదుసార్లు వేసుకుని విప్పారు. మూడోసారి మాస్కు ముందు తీయబోతే గట్టిగా కేకలేశాను. "మా గురువిద్యాలయంలో కూడా ఇంత కఠినంగా లేదమ్మా" అని నవ్వారు. ప్రతి సాయంత్రం వార్డు తలుపు దగ్గర మైకు పెట్టి, మొదట మతంతో నిమిత్తం లేకుండా ప్రతి రోగినీ పేరుపెట్టి పలకరించేవారు. ఆ పలకరింపు కోసం హిందువులు, ముస్లిములు కూడా ఎదురుచూసేవారు.

చివరి వీడ్కోలు

శవాన్ని ఇంటికి తేనివ్వమని, సమాధి తవ్వనివ్వమని అడ్డుపడిన సంఘటనలు అప్పుడు చాలాచోట్ల జరిగాయి. 2020 మార్చిలోనే కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం, సిబ్బంది సంచీ జిప్పు కొంత తెరిచి ముఖం చూపించవచ్చు. శవాన్ని తాకకుండా గ్రంథపఠనం చేయవచ్చు, తీర్థజలం చల్లవచ్చు. స్నానం చేయించడం, ముద్దుపెట్టడం, కౌగిలించుకోవడం మాత్రం కూడదు. గురువుగారు ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని సమాధుల తోటకు వెళ్ళేవారు. అడ్డువచ్చినవారికి చదివి వినిపించి, తానే ముందు నిలబడేవారు.

రేపటి కోసం

ఇంకో అంటువ్యాధి రాదని ఎవరూ చెప్పలేరు. అందుకే ప్రతి విచారణలో ఇవి సిద్ధంగా ఉంచుకోండి.

1. కుటుంబాల రిజిస్టరులో ఫోను నంబర్లు, ఒంటరిగా ఉన్న వృద్ధుల పేర్లు ఏటా సరిచూడండి.
2. బీపీ, షుగరు, టీబీ మందులు వాడేవారి వివరాలు వారి అనుమతితో, గోప్యంగా ఉంచండి.
3. గురువుకు, ఉపదేశికి, ఇద్దరు యువకులకు మాస్కు, గ్లౌజులు వాడే పద్ధతి ఆసుపత్రిలో నేర్పించండి.
4. జ్వరం, దగ్గు ఉన్నవారు ఇంట్లోనే ప్రార్థించుకోవాలి. దానిని పాపంగా భావించవద్దు.
5. టీకాల సంగతి దేవాలయంలో గురువు నోటితో చెప్పించండి. తాను వేయించుకున్న తరువాత చెబితే ఇంకా మంచిది.

ఇక మా ఆసుపత్రిలో అప్పటినుండి ఒక చిన్న నియమం పెట్టుకున్నాం. లోపలికి రాలేక బయట ఆగిపోయిన మనిషి ఎవరైనా సరే, భార్య అయినా, కొడుకు అయినా, గురువు అయినా, వారు వచ్చిన సంగతి డ్యూటీ నర్సు రోగి చెవిలో చెప్పాలి. స్పృహ లేనట్టు కనిపించినా చెప్పాలి. చెప్పిన సమయం రిపోర్టు పుస్తకంలో రాయాలి.

ఆ పెద్దాయన భార్య ఇప్పటికీ బీపీ మాత్రల కోసం మా దగ్గరకు వస్తారు. ఆ రాత్రి నేను చెప్పలేదన్న సంగతి తరువాత ఒకరోజు ఆమెతో ఒప్పుకున్నాను. ఆమె కాసేపు మౌనంగా ఉండి, నా చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు అందరికీ చెబుతున్నారు కదమ్మా" అన్నారు.

– నర్సింగ్ సూపరింటెండెంట్