నాగరకతలు ఏల కూలును? – ఒక చెరువు శాసనము చెప్పు సమాధానము

సింహాద్రిపురము, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతములు పూర్వము రేనాడను సీమలోనివి. రేనాటి చోళులు ఇచట ఏలిరి, క్రీ.శ. 6వ శతాబ్దిలోనే తెలుగున శాసనములు వేయించిరి. ఆ రాజవంశము అంతరించినది; తెలుగు అంతరింపలేదు. కనుక రాజ్యము కూలుట వేరు, నాగరకత కూలుట వేరు. రాజ్యము ఒక్క యుద్ధముతో పోవచ్చును. నాగరకత కూలుటకు, అన్నము పుట్టించు ఏర్పాటే చెడవలెను.

కడప జిల్లాలో ఆ ఏర్పాటునకు ఆధారము చెరువు. ఇచట ఏటా కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదియు కొలది నెలలలోనే. నీటిని నిలిపిననే పంట. జిల్లా ఉత్తర భాగమున పోరుమామిళ్ళ వద్ద విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఒక పెద్ద చెరువు కట్టించెను. దానికి అనంతరాజసాగరమని పేరు. 1369 నాటి శాసనమును బట్టి, దినమునకు వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూరు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేయగా అది ముగిసినది.

ఆ శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములు చెప్పుచున్నది. అందు మొదటివాడు ధర్మపరుడగు రాజు. రెండవవాడు జలశాస్త్రము నెరిగిన పండితుడు. చివర పేర్కొన్నది నేర్పరులగు పనివారిని. నడుమ నున్నవి గట్టినేల, తీయనినీటి నది, కొండలు, రాతిగని మొదలగునవి. ప్రకృతి, పాలన, విద్య, శ్రమ – ఈ నాలుగును కూడినచోటనే నాగరకత పెరుగును.

శాసనమున ఆరు దోషములును గలవు: కట్ట కారుట, నేల చవుడగుట, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెరువు నడుమ మెరక యుండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నీరెక్కువై ఆయకట్టు తక్కువగుట. ఇందు కొన్ని ప్రపంచ చరిత్రలో నాగరకతలనే పీడించినవి. దక్షిణ మెసపొటేమియాలో పంటలు క్షీణించుటకు పొలములందు ఉప్పు పేరుకొనుట ఒక కారణమని పలువురు పరిశోధకుల అభిప్రాయము. కాంబోడియాలోని అంగ్కోర్ మహానగరమును పెద్ద చెరువులు, కాలువలు పోషించుచుండెను. ఆ దిక్కున పెరిగిన ప్రాచీన వృక్షముల వలయములను పరిశీలింపగా, 14, 15 శతాబ్దులలో దీర్ఘమైన అనావృష్టియు, నడుమ అతివృష్టియు కలిగినట్లు తేలినది. కాలువలు కోసుకొనిపోయి, ఇసుకతో పూడెను. 15వ శతాబ్దిలో రాజధాని దక్షిణమునకు తరలెను.

విజయనగరము కథ వేరు. 1565లో రాక్షసి-తంగడి యుద్ధమున సైన్యము ఓడెను. నగరము దోపిడికి గురియయ్యెను. రాజధాని పెనుగొండకు మారెను. కాని హంపి యొద్ద ఆనాటి తుర్తు కాలువ నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. పోరుమామిళ్ళ చెరువును నిలిచియున్నది. ఏలిక మారినను రైతు మడి తడియుచునే యున్నది.

ఇందుకు కారణము కట్టుటకంటె కాపాడుటయందే యున్నది. చెరువులు కట్టి బాగుచేయువారికి దశబంధమను పేర భూములిచ్చు ఆచారము రాయలసీమలో ఉండెను. కట్టకు మన్ను వేయుట, తూములు సవరించుట, పూడిక తీయుట ఒకరికి జీవనాధారమైనపుడు, రాజు లేని యేడును ఆ పని ఆగదు. అది ఆగినచోట మంచి వాన కురిసినను కట్ట తెగును.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఊరి చెరువునకు తీసికొనిపోయి, శాసనము చెప్పిన ఆరు దోషములలో అచట ఏవి యున్నవో వ్రాయింపవచ్చును. తూమును, కట్టను ఎవరు బాగుచేయుచున్నారో కూడ విచారింపవలెను. ఆ ప్రశ్నకు సమాధానము దొరకని ఊరు జాగ్రత్త పడవలసియున్నది.